జూలై ఒకటి కాదని తేల్చుకోడానికి వేటపాలెం దాకా

మా నాన్న పుట్టినరోజు జూలై 1. పెదనాన్నదీ జూలై 1. ఎదురింటి రిటైర్డ్ మాస్టారిదీ అదే. మీ ఇళ్ళల్లో కూడా డెబ్బై దాటినవాళ్ళ ఆధార్ కార్డులు తీసి చూడండి, బోలెడు మంది జూలై ఒకటినే పుట్టుంటారు. బళ్ళో వేసేటప్పుడు అయ్యవారు ఎప్పుడు పుట్టాడమ్మా అంటే వీళ్ళు కోతలప్పుడనో తాటికాయలు రాలేటప్పుడనో చెప్పేవాళ్ళు, ఆయన విసుక్కుని పిల్లాడి మొహం చూసి ఒక సంవత్సరం వేసి, బళ్ళు తెరిచే రోజులు కదా అని జూలై ఒకటి రాసేసేవాడు.

నాన్న విషయంలో నానమ్మ మాత్రం పోయేదాకా ఒకటే మాట మీద ఉంది. విరోధి నామ సంవత్సరం, కార్తీక మాసం, నాగుల చవితి వెళ్ళాక గాలివాన రాత్రి. పాక కప్పు లేచిపోతే పక్కవాళ్ళ పెంకుటింటి అరుగు మీద కన్నానని చెప్పేది. మాది బందరు వైపు పల్లె. విరోధి అంటే 1949 అని క్యాలెండర్లు తిరగేసి నేను లెక్క కట్టాను గానీ తేదీ తేలలేదు. ఒక ఆఫీసుకి రెండుసార్లు తిరిగాను పాత జనన రిజిస్టర్ల కోసం. మొదటిసారి సార్ లేడన్నారు, రెండోసారి సార్ ఉన్నాడు, చెదలు తినేశాయండీ అన్నాడు, అదేదో చెదలు ఆయన దగ్గర పర్మిషన్ తీసుకుని తిన్నట్టు భలే ప్రశాంతంగా.

అప్పుడు ఒక ఫ్రెండ్ అన్నాడు, వేటపాలెం వెళ్ళరా, అక్కడ పాత పేపర్లు చూసి జాతకాలు రాయించుకుంటారు జనం అని. నేను నవ్వాను. చీరాల పక్కన చేనేత ఊరు, జీడిపప్పు ఊరు, అక్కడ పేపర్లేంటి అని. పేరు వినడమే గానీ అక్కడి లైబ్రరీ, సారస్వత నికేతనం, ఎలా ఉంటుందో నాకు తెలీదు మరి.

బెజవాడలో పొద్దున్నే రైలెక్కా. తెనాలి దాకా నిలబడే, బాపట్లలో సీటు దొరికింది, చీరాలలో దిగాలి కాబట్టి ఆ సీటు ఎందుకూ పనికిరాలేదు. స్టేషన్ బయట ఆటో అతను వేటపాలెం రెండొందలన్నాడు. గట్టిగా పది కిలోమీటర్లు ఉండదు. నూట ఇరవై అంటే, ఎండ చూశారా సార్ అన్నాడు. ఎండకి కూడా చార్జీ! నూట అరవైకి తెగింది. దారంతా బతకడం కష్టమైపోయిందని చెప్తూనే ఉన్నాడు, చివరికి ఇరవై ఎక్కువే ఇచ్చి దిగాను, అదీ నా బేరం.

దారిలో ఒకటే గుర్తొచ్చింది. 1921లో ఈ చీరాల, పేరాల జనమే కదా మునిసిపాలిటీ పన్ను కట్టేది లేదని ఇళ్ళకి తాళాలేసి ఊరు వదిలి బయటికి పోయింది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెనకాల వేలమంది పాకలేసుకుని రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని నెలల తరబడి ఉన్నారు. స్కూల్లో రెండు మార్కుల ప్రశ్న అది మాకు. ఆటోలో కూర్చుని బయటికి చూస్తుంటే మాత్రం వేరేలా అనిపించింది, మంచాలు మూటలు పిల్లలు ముసలోళ్ళు అంతా కలిసి ఈ ఇసక దారుల్లోనే నడిచారా అని. ఏటా పన్ను రసీదు చూసి తిట్టుకుంటూ కట్టేసే జాతి మనది.

వేటపాలెంలో దిగగానే ముందు వినపడింది మగ్గం చప్పుడు. ఒక ఇంట్లోంచి కాదు, అటొకటి ఇటొకటి, ఒకదానికొకటి తాళం కలవకుండా. ఆ వీధుల్లో అడిగితే ఎవరైనా దారి చెప్తారు, లైబ్రరీ అనక్కర్లేదు, నికేతనం అంటే చాలు.

లోపల ఏముందో చెప్పడం నాకు చేతకాదు. 1918లో మొదలైందిట. ఏ రాజావారో ఏ దొరగారో పెట్టింది కాదు, ఊరి కుర్రాళ్ళ హిందూ యువజన సంఘం, వెనకాల ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి గారు. గాంధీ గారు 1929లో వచ్చారు. ఆయన చేతికర్ర ఇక్కడే ఉంది, జనం తోపులాటలో విరిగిందట. వచ్చినవాళ్ళంతా ముందు అదే చూస్తారు. నేనూ చూశాను, దణ్ణం పెట్టాను, అబద్ధమెందుకు, నా మనసంతా పేపర్ల మీదే ఉంది.

అక్కడొక పెద్దాయన ఉన్నారు. ఏం కావాలి బాబూ అన్నారు. నేను మొత్తం నానమ్మ కథ చెప్పాను, గాలివాన, పెంకుటిల్లు, అరుగు, అన్నీ. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. రోజుకొకళ్ళు ఇలా వచ్చి ఏడుస్తారేమో ఆయన దగ్గర. ఏ సంవత్సరం అన్నారు. 1949, అక్టోబరు నవంబరు అన్నాను. కాసేపటికి బైండు చేసిన పెద్ద సంపుటం ఒకటి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆంధ్రపత్రిక. కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలెట్టి, 1914లో మద్రాసు తెచ్చి దినపత్రిక చేసిందే. అమృతాంజనం డబ్బులతో నడిచిన పేపరు. తలనొప్పి తెలుగువాళ్ళకి ఇంత మేలు చేస్తుందని ఎవరనుకుంటారు.

వేలికి తడి చేసుకోకండి, మూల పట్టుకోకండి, మధ్యలో చెయ్యి పెట్టి తిప్పండి అని మూడు ముక్కలు చెప్పి ఆయన పక్కనే కూర్చున్నారు. ఆ కాగితం అప్పడం లాంటిది, గట్టిగా ఊపిరి వదిలినా విరుగుతుందేమో అని భయం. పాత బియ్యం డబ్బా మూత తీస్తే వచ్చే వాసన. ఫ్యాన్ ఆపేశారు నా కోసం, చెమట ధారగా కారిపోతోంది, ఆ చెమట చుక్క పేజీ మీద పడుతుందేమో అని ఇంకో భయం, జేబురుమాలు నుదుటికి కట్టుకుని కూర్చున్నాను పనివాడిలా.

పావుగంటలో అయిపోయే పనికి మూడు గంటలు పట్టింది. తప్పు నాది కాదు, ప్రకటనలది. జుట్టు నూనెలు, బలానికి టానిక్కులు, వాచీలు, వధువు కావలెను. అటు చూస్తే ఢిల్లీలో రాజ్యాంగ సభ ఆఖరి రోజులు, రూపాయి విలువ తగ్గించి నెల తిరిగిందంతే, ఇటేమో మద్రాసు నుంచి విడదీసి ఆంధ్ర రాష్ట్రం ఎప్పుడిస్తారని గోల. మనకి ఇవన్నీ పాఠాల్లో వేరు వేరు చాప్టర్లు. ఆ పేజీలో మాత్రం రాజ్యాంగం పక్కనే జుట్టు నూనె, దాని కింద ఎవరిదో సినిమా, అంతా ఒకే పొద్దున కాఫీతో చదివేశారు జనం.

నేను తేదీ కనపడగానే రాసుకోబోతుంటే పెద్దాయన ఆపారు. పేపరు మీద తేదీ నమ్మకండి, దూరం ఊళ్ళకి పోయే డాక్ ఎడిషన్‌కి మర్నాటి తేదీ వేసి ముందే పంపేవాళ్ళు, మీరు లోపల పంచాంగం చూడండి, తిథి కలవాలి అన్నారు. అప్పుడు కళ్ళు చించుకుని ఆ బుల్లి అక్షరాల్లో తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం వెతుక్కుంటూ వెనక్కొచ్చాం ఇద్దరం. కార్తీక శుద్ధ చవితి దొరికింది. దాని తర్వాత పేజీలు తిప్పుతుంటే తుఫాను. అక్టోబరు ఆఖర్లో బందరు వైపు కొట్టిన తుఫాను. మొదటి రోజు వార్త చిన్నదే, తీగలు తెగి కబుర్లు రాలేదేమో. మర్నాటికి పెద్దదైంది. ఆ పై రోజు ఇంకా పెద్దది, చచ్చిన మనుషులు, కొట్టుకుపోయిన గొడ్లు.

నానమ్మ గాలివాన అంటే ఏదో ఈదురుగాలి అనుకున్నాను ఇన్నేళ్ళూ. కథ చెప్పేటప్పుడు ఆడవాళ్ళు కాస్త పెంచుతారులే అని మేమంతా నవ్వుకునేవాళ్ళం కూడా. ఆమె అసలు తగ్గించే చెప్పింది. గొడ్ల మాట, చావుల మాట ఎప్పుడూ ఎత్తలేదు, పక్కింటి అరుగు గురించే చెప్పింది.

కాసేపు ఏమీ తిప్పలేదు నేను. పెద్దాయన ఫ్యాన్ వేశారు.

మా ఊళ్ళోనూ ఒక లైబ్రరీ ఉండేది. ఇప్పుడు అందులో గ్రూప్స్ గైడ్లు, విరిగిన కుర్చీలు, నిన్నటి పేపరు. మొన్నటి పేపరు కావాలంటే బజ్జీల బండి దగ్గరికెళ్ళాలి. ఇక్కడేమో మగ్గాలు నేసుకునే ఊళ్ళో మా నానమ్మ రాత్రిని డెబ్బై ఏళ్ళ పైన దాచి ఉంచారు, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారని.

బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. తేదీ దొరికింది నాన్నా, నానమ్మ చెప్పింది అక్షరాలా నిజం, తుఫాను రాత్రే అన్నాను. అటు నుంచి కాసేపు టీవీ సౌండ్ తప్ప ఏం లేదు.

"పేపర్లో మన ఊరి పేరుందా?"

"లేదు నాన్నా."

"ఎందుకుంటదిలే. మన ఊరికి అప్పుడు రోడ్డే లేదు."

ఆధార్‌లో మార్పిద్దామా అంటే మాత్రం గయ్‌మన్నాడు. నీకేవన్నా పిచ్చా, పెన్షన్ కాగితాలన్నిట్లో జూలై ఒకటుంది, ఇప్పుడు కదిలిస్తే నేను బతికే ఉన్నానని నిరూపించుకోడానికి ఇంకో ఏడాది పడుద్ది, ఆ కాగితం ఇంట్లో పెట్టుకో అని. తర్వాత గొంతు తగ్గించి, వేటపాలెం వెళ్ళావు కదా, జీడిపప్పు తీసుకురా, గుళ్ళు చూసి తీసుకో, ముక్కలు అంటగడతారు అన్నాడు.

అప్పటికే అరకిలో కొనేశాను. సంచిలో చెయ్యి పెట్టి చూస్తే సగం ముక్కలే.