అద్దె తక్కువని చేరాను, పదహారు మాలలు మెడకి పడ్డాయి

నిజం చెప్పాలంటే నేను భక్తి కోసం ఆ ఇంట్లో చేరలేదు. విశాఖ కూర్మన్నపాలెంలో రూమ్ వెతుక్కుంటుంటే అద్దె తక్కువని చేరాను. అప్పటికే ముగ్గురున్నారు, ముగ్గురూ ఇస్కాన్ భక్తులు. మాంసం, చేప, గుడ్డు కుదరవు, ఉల్లి వెల్లుల్లి కూడా కుదరవు, టీ కాఫీలు అసలే లేవు, తెల్లారి నాలుగున్నరకి మంగళ హారతికి లేవాలి అన్నారు. అన్నిటికీ తలూపేసి సామాను దించేశాను. వాళ్లు ఒకరినొకరు ప్రభూ అని పిలుచుకుంటారని నాకు తెలీదు, మొదటి రోజు వంటింట్లోంచి "ప్రభూ, గ్యాస్ అయిపోయింది" అని వినిపిస్తే దేవుడికి మొరపెట్టుకుంటున్నారనుకున్నాను.

చేపలు మానడం కష్టమనుకున్నాను గానీ నన్ను ఏడిపించింది టీ. సి షిఫ్టులో, అంటే నైట్ డ్యూటీలో, రాత్రి రెండింటికి అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడితే నేను వేణ్నీళ్లు తాగేవాణ్ణి, వారం రోజులు తలనొప్పి. ఇంటికెళ్తే అమ్మది ఇంకో గోల. "వంజరం తెచ్చి ఏపాను, తినవేటిరా?"

జపం నేర్పింది మాలో పెద్దాయన. తులసి మాలకి 108 పూసలు, పూసకోసారి మహామంత్రం, అంటే హరే కృష్ణ మంత్రం, అందులో పదహారు నామాలు. మాల మొదలూ చివరా కలిసేచోట ఉండే పెద్ద పూస, మేరుపూస, దాటకూడదు, అక్కడికి రాగానే మాల తిప్పి వెనక్కి రావాలి. చూపుడువేలు పూసలకి తగలకూడదు కాబట్టి జపసంచికి ఆ వేలు బయటికి రావడానికే ఒక కన్నం ఉంటుంది. దీక్ష కావాలంటే రోజుకి 16 మాలలు, అంటే మంత్రం 1,728 సార్లు. నాకు మొదటి మాలకే పావుగంట పట్టింది. ఇది నా వల్ల కాదన్నాను. "1966లో ఇస్కాన్ పెట్టిన ప్రభుపాదులు న్యూయార్క్ కుర్రాళ్లకి పెట్టిన లెక్కే ఇది, వాళ్లు చెయ్యగా లేంది గాజువాక కుర్రాడివి నీకేం?" అన్నాడాయన.

రెండు నెలల్లో ఎనిమిదికి వచ్చాను, మాల ఐదు నిమిషాల్లో అయిపోతోందని లోపల కాస్త గొప్పగా కూడా ఉండేది. ఒకరోజు ఆయన పక్కన కూర్చుని కళ్లు మూసుకుని విన్నాడు. "పదహారు నామాల్లో నాకు పదకొండే వినపడ్డాయి, మిగతా ఐదు మింగేశావు" అన్నాడు. సిగ్గేసింది. మళ్లీ నాలుగు మాలలకి దిగి, నా నోట్లోంచి వచ్చేది నా చెవికి వినపడేలా మొదలుపెట్టాను. అప్పటిదాకా నేను లెక్క చేశానే గానీ జపం చెయ్యలేదు.

చదువు ఆదివారాలు. సాగర్‌నగర్ గుడికి వెళ్లి క్లాసు వినడం, వచ్చాక ఇంట్లో గీత శ్లోకాలు ఒకరికొకరు అప్పజెప్పుకోవడం. సంస్కృతం నాకు నోరు తిరగదు, కానీ ఆరో అధ్యాయం పదహారో శ్లోకం మాత్రం ఒక్కసారికే వచ్చేసింది. ఎక్కువ తినేవాడికీ అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ అస్తమానం మేలుకునేవాడికీ యోగం కుదరదని ఉంది అందులో. బి షిఫ్టు, అంటే సాయంత్రం డ్యూటీ, దిగి పదకొండున్నరకి పడుకుని నాలుగింటికి లేస్తున్నవాడికి అంతకన్నా మంచి శ్లోకం ఏం దొరుకుతుంది? అదే చెప్పి పెద్దాయనతో వాదించాను. ఆయన నవ్వి, బి షిఫ్టు వారం ఆరింటికి లేవొచ్చని ఒప్పుకున్నాడు.

పదహారు పూర్తయిన మొదటి రోజు ఒక ఏకాదశి. పొద్దున్న సగ్గుబియ్యం ఉప్మా తిని పన్నెండు మాలలు చేసేసరికి గుడికి టైమైంది, మిగతా నాలుగు బస్సులో చేద్దామని సంచి మెడలో వేసుకుని అందులో చెయ్యి పెట్టుకుని ఎక్కాను. సీట్లు లేవు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర ఒక పెద్దావిడ నా మెడలో సంచి, అందులో చెయ్యి చూసి "అయ్యో, చెయ్యి ఇరిగిపోనాదా బాబూ, ఇలా కూకో" అని లేచి నిలబడింది. మాల మధ్యలో ఉన్నాను, నోరు తెరిచి మాట్లాడకూడదు. అడ్డంగా తలూపాను. నొప్పికి మాట రావట్లేదనుకుందేమో, భుజం పట్టుకుని కూర్చోబెట్టేసింది.