పాప కడుపునొప్పి ఏంటో తేలేదాకా: నా అనుభవం

మా పాపకి 11 ఏళ్లు. చాలా నెలలు కడుపునొప్పితో అవస్థ పడింది, చివరికి ఫంక్షనల్ అబ్డామినల్ పెయిన్ అని తేలింది, అంటే టెస్టుల్లో పేగుకి ఏ జబ్బూ కనపడకపోయినా నిజంగానే వచ్చే కడుపునొప్పి. ఈలోపు డాక్టర్లు ఏం అడిగారు, ఏ టెస్టులు చేశారు, తర్వాత ఇంట్లో ఏం మార్చుకున్నాం అనేది రాస్తున్నా, ఇప్పుడు ఇదే టెన్షన్‌లో ఉన్న అమ్మానాన్నలకి పనికొస్తుందని. ముందుగా, ఇది అరుదైన జబ్బేం కాదండి. చాలా దేశాల స్టడీలన్నీ కలిపి 2015లో లెక్కేస్తే పిల్లల్లో సుమారు 13.5 శాతం మందికి ఈ రకం కడుపునొప్పులు ఉన్నట్టు తేలింది, అంటే నలభై మంది ఉన్న క్లాసులో ఐదుగురు. ఆడపిల్లల్లో కొంచెం ఎక్కువ. ఈ ఒక్క మాట మొదట్లోనే ఎవరైనా చెప్పుంటే నా భయం సగం తగ్గేది.

నొప్పి బొడ్డు చుట్టూ వచ్చేది, పొద్దున పూట ఎక్కువ, సెలవు రోజుల్లో కూడా వచ్చేది, అయినా చూసినవాళ్లంతా స్కూల్ ఎగ్గొట్టడానికి చేస్తోంది అనేవాళ్లు. మెలికలు తిరిగిపోతున్న పిల్లని పక్కన పెట్టుకుని ఆ మాట వినడం ఎంత కష్టమో పడ్డవాళ్లకే తెలుస్తుంది. మొదట చూపించిన చోట ఏవో సిరప్‌లు రాసి పంపేశారు. తర్వాత పిల్లల గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్లాం.

ఆవిడ టెస్టుల కంటే ముందు చాలాసేపు మాట్లాడారు, నాతో కాదు, పాపతో. నొప్పి ఎక్కడో వేలుతో చూపించమన్నారు. రాత్రి నిద్రలోంచి లేపేస్తుందా, బరువు తగ్గిందా, మోషన్‌లో రక్తం పడిందా, ఊరికే జ్వరాలు వస్తున్నాయా, వాంతులు ఆగకుండా అవుతున్నాయా, కీళ్లు నొప్పులా, ఇంట్లో ఎవరికైనా పేగు వాపు జబ్బు గానీ సీలియాక్ (గోధుమల్లో ఉండే గ్లూటెన్ పడని జబ్బు) గానీ ఉందా, ఇవన్నీ ఒక్కొక్కటే అడిగారు. ఎత్తు, బరువు పాత రికార్డులతో పోల్చి చూశారు. వీటిల్లో ఏదైనా ఉంటే దారి వేరేగా ఉండేదట, మాకు ఏదీ లేదు. తర్వాత రక్తపరీక్ష, సీలియాక్ టెస్ట్, యూరిన్, మోషన్‌లో కాల్‌ప్రొటెక్టిన్ అనే టెస్ట్, అది పేగులో వాపు ఉందో లేదో చెప్తుంది. అన్నీ నార్మల్. ఎండోస్కోపీ కూడా చేయించేద్దామా అని నేనే అడిగా, అక్కర్లేదు, అవసరం లేని టెస్ట్ ఇంకోటి చేస్తే లోపల ఏదో పెద్దది ఉందన్న భయం పాపలో ఇంకా పెరుగుతుంది అన్నారు.

రిపోర్టులన్నీ బాగుంటే మరి నొప్పెందుకు? పేగులకి, మెదడుకి మధ్య నరాలు ఎప్పుడూ కబుర్లు పంపుకుంటూనే ఉంటాయి, కొంతమంది పిల్లల్లో ఆ నరాలు మామూలు గ్యాస్‌కి, మామూలు కదలికకి కూడా నొప్పి అని సిగ్నల్ పంపిస్తాయి, కాబట్టి నొప్పి నిజం, పేగు మాత్రం దెబ్బతినలేదు, అని పాపకే అర్థమయ్యేలా బొమ్మ గీసి చెప్పారు. ఇలాంటి నొప్పుల్ని గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్ 4 అనే ప్రమాణాల్లో నెలకి కనీసం నాలుగుసార్లు చొప్పున రెండు నెలలు ఇలా ఉండాలి అని రాసుంది, నొప్పి వచ్చిన రోజులు రాసుకున్న మా డైరీ చూస్తే అంతకంటే ఎక్కువే ఉంది. "అంటే నేను అబద్ధం చెప్పట్లేదు కదా అమ్మా" అంది పాప. నాకైతే అన్ని టెస్టుల కంటే ఆ ఐదు నిమిషాలే పెద్ద వైద్యం అనిపించింది.

ఇక ట్రీట్‌మెంట్. మలబద్ధకం కొంచెం ఉంది, దానికి పౌడర్ మందు ఇచ్చారు, భోజనం అయ్యాక కాళ్ల కింద చిన్న పీట వేసుకుని టాయిలెట్‌లో కాసేపు కూర్చోమన్నారు, ఎందుకంటే తిన్నాకే పేగు బాగా కదులుతుంది. ఫలానా తిండి మానేయమని పెద్ద లిస్టేం ఇవ్వలేదు. సైకాలజిస్ట్ దగ్గర సీబీటీ (ఆలోచనల్ని, అలవాట్లని మార్చుకోవడం నేర్పే మాటల థెరపీ) సెషన్లు పెట్టించారు, నొప్పి వచ్చినప్పుడు నెమ్మదిగా ఊపిరి తీసుకోవడం, దాని గురించి వచ్చే ఆలోచనల్ని పట్టుకోవడం నేర్పించారు. నాకు చాలా కష్టమైంది మాత్రం ఇంకోటి, పొద్దున్నే "నొప్పి ఉందా" అని అడగకుండా ఉండటం. పెద్దవాళ్లు నొప్పి గురించే పట్టించుకుంటుంటే పిల్లల్లో ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయని, వేరే విషయాల్లోకి మళ్లిస్తే సగానికి తగ్గాయని 2006లో ఒక స్టడీలో తేలిందట. అంటే పట్టించుకోకుండా వదిలేయమని కాదు, తను చెప్తే వింటాం, దగ్గర కూర్చుంటాం, ఆ తర్వాత మాట వేరే దాని మీదకి తీసుకెళ్తాం.

స్కూల్‌కి కూడా డాక్టర్ లెటర్ రాసిచ్చారు, టాయిలెట్‌కి ఎప్పుడడిగినా పంపమని, నొప్పొస్తే ఇంటికి పంపకుండా కాసేపు కూర్చోబెట్టి మళ్లీ క్లాసులోకి పంపమని. మొదట సగం పూట, తర్వాత మెల్లగా ఫుల్ డే. నొప్పి పూర్తిగా పోలేదు, పరీక్షల ముందు ఇంకా వస్తుంది, కానీ ఇప్పుడు దానికోసం స్కూల్ మానట్లేదు. మందు డోస్ తగ్గిస్తున్నారు, ఇకమీదట వెళ్లినప్పుడు ఎత్తు, బరువు చూసుకుంటే చాలన్నారు.