నవాబ్ గుడ్డి కంటి పక్కన

2025 జనవరిలో పుణెలో కేసులు పెరిగాక గులియన్ బారీ సిండ్రోమ్ పేరు అందరి నోటా పడింది. నాకది 2022 ఆగస్టులోనే వచ్చింది. ముందు నాలుగు రోజులు విరేచనాలు. అవి తగ్గిన రెండో వారంలో అరికాళ్ళలో చీమలు పాకినట్టు అనిపించింది. మర్నాడు కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియలేదు. మొదట చూపించుకున్నచోట బలహీనత అని చెప్పి ఏదో సూదిమందు వేసి పంపారు. ఐదోరోజు మంచం దిగలేకపోయాను.

రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి మన నరాల మీద పడుతుందట. ఐదు రోజులు ఇమ్యునోగ్లోబులిన్ అనే యాంటీబాడీల మందు ఎక్కించారు. ఊపిరిదాకా పాకకుండా ఆగింది. ఇంటికొచ్చాక మా అత్తయ్య దగ్గర కూర్చుని కొసరి కొసరి తినిపించేది. "గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు" అన్నానొకరోజు. ఆవిడ నవ్వలేదు.

గుర్రం మాట ఊరికే రాలేదు. మా అమ్మాయి హైదరాబాదు శివారులో స్వారీ నేర్చుకునేది. అక్కడ నవాబ్ ఉండేవాడు. మలక్‌పేట పందేల నుంచి రిటైరై వచ్చిన ఇరవై రెండేళ్ళ ముసలి గుర్రం, ఎడమ కంట్లో పొర. "అది" అంటే గుర్రాలను చూసుకునే సాయీసుకు కోపం, అందుకే మాకందరికీ "వాడు". కొత్తగా వచ్చినవాళ్ళెవరైనా ముందు వాడి మీదే ఎక్కాలి. పైనున్న పిల్లల బరువు ఒక పక్కకు ఒరిగితే ఎవరూ చెప్పకుండానే ఆగిపోయేవాడు. కాస్త నేర్చినవాళ్ళను మాత్రం సతాయించేవాడు. మూల తిరగమంటే అడ్డదారిన కోసుకుపోయేవాడు!

ఏడు నెలలకు నేను చేతికర్రతో నడిచే దశకొచ్చాను. పాదాలు వేలాడేవి, అవి నిలబడేందుకు స్ప్లింట్లు కట్టుకునేదాన్ని. ఫిజియోథెరపీ గదిలో కమ్మీ పట్టుకుని రోజూ అవే పది అడుగులు. నొప్పికన్నా విసుగే ఎక్కువ చంపింది. గుర్రం నడుస్తుంటే పైన కూర్చున్న మనిషి నడుము ముందుకీ వెనక్కీ, పక్కలకీ ఊగుతూ కాస్త మెలి తిరుగుతుంది. మనం నడిచేటప్పుడూ ఇంచుమించు అంతే. ఆ సంగతి చెప్పింది ఫిజియోథెరపిస్టే, డాక్టరు ఒప్పుకుంటేనే అని షరతు పెట్టి. మా అమ్మాయి డెన్మార్క్ రౌతు లిస్ హార్టెల్ కథ చెప్పింది. 1944లో పోలియో వచ్చి ఆమెకు మోకాళ్ళ కింద పట్టు పోయింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో జూబిలీ అనే గుర్రం మీద రజతం గెలిచింది. ఎక్కాలన్నా దిగాలన్నా మరొకరి సాయం ఉండాల్సిందే. నాకు ధైర్యమిచ్చింది పతకం కాదు, ఆ సాయం పుచ్చుకోవడం.

నన్నూ ఇద్దరు ఎత్తి జీను మీద కూర్చోబెట్టారు. రికాబులో పాదం ఉందో లేదో వంగి చూసుకోవాలి. సాయీసు తాడు పట్టుకున్నాడు, చెరో పక్కా ఒకరు. రెండో చుట్టులో కుడికి జారాను. నవాబ్ ఆగి, ఒక చెవి వెనక్కి తిప్పి నిలబడ్డాడు. "నేను తాడు గుంజలే మేడమ్, వాడే ఆగిండు" అన్నాడు సాయీసు.

నవాబ్ నన్ను నయం చేశాడని చెప్పను. నరాలు వాటి తీరున అవి కోలుకుంటాయి. కాకపోతే ఆదివారం స్వారీ పోతుందేమోనని మిగతా ఆరు రోజులూ వ్యాయామం ఎగ్గొట్టలేదు.

2024 ఫిబ్రవరిలో ఓ రాత్రి ఫోనొచ్చింది. నవాబ్‌కు కడుపునొప్పి. గుర్రాలు వాంతి చేసుకోలేవు, కడుపులో ఏం జరిగినా లోపలే ఉండిపోవాలి. డాక్టరుగారు మందులిచ్చి, పడుకుని పొర్లకుండా మెల్లగా నడిపిస్తూ ఉండమన్నారు. వాడి దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. ఒకబ్బాయి ఆఫీసు ట్యాగుతోనే వచ్చాడు. వంతులవారీగా నడిపించాం. నా వంతు వచ్చినప్పుడు వద్దన్నారు, వినలేదు. అప్పటికి ఒక కాలికే స్ప్లింట్.

గుర్రాన్ని ఎడమ పక్కనుండి నడిపిస్తారు. ఆ కంటికి నేను కనిపించను. అందుకని గొంతు వినపడేలా మాట్లాడుతూ నడవాలి. మాటలు అయిపోయాక ఎక్కాలు అందుకున్నాను. పదమూడో ఎక్కం దగ్గర తప్పుతుంటే మళ్ళీ మొదటినుంచి. వాడి చెవి మాత్రం నా వైపే ఉంది.

తెల్లవారుజామున నవాబ్ ఇక అడుగు వేయలేదు. డాక్టరుగారు చాలాసేపు చూసి, ఆఖరి సూది వేశారు.

ఇంటికొచ్చి బూటు విప్పితే, స్ప్లింట్ లేని కాలి మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. ఏడాదిన్నరగా మొద్దుబారిన మడమ అది. నీళ్ళు పోశాను. భగ్గున మండింది. మా అమ్మాయిని లేపి చూపించాను.