డెంగీలో ప్లేట్‌లెట్ల పైనున్న అంకెలు కూడా చదవాలి

డెంగీ రోగి సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు చేతికి రాగానే అందరి వేలూ ప్లేట్‌లెట్ల మీదికే పోతుంది. కానీ చాలామందిలో ముందు పడేవి తెల్లకణాలు. జ్వరం మొదలైన రెండు మూడు రోజుల్లోనే అవి 4,000 కిందికి జారతాయి. వైరస్ ఎముక మజ్జ పనిని కొన్నాళ్లు అణచివేయడం ఇందుకు ముఖ్య కారణం. తెల్లకణాల్లో మొదట న్యూట్రోఫిల్స్ అనే రకం తగ్గుతుంది. జ్వరం దిగే వేళకు లింఫోసైట్లనే మరో రకం వంతు పెరిగి, స్లైడు మీద ముదురు నీలం సైటోప్లాజంతో (కణంలోని ద్రవంతో) పెద్ద లింఫోసైట్లు కనిపిస్తాయి.

ప్లేట్‌లెట్లు పడుతున్నప్పుడు పక్కన పెట్టి చూడాల్సింది హెమటోక్రిట్, అంటే పీసీవీ: రక్తంలో ఎర్రకణాలు ఎంత శాతమో చెప్పే అంకె. రక్తనాళాల్లోంచి ప్లాస్మా (రక్తంలోని ద్రవభాగం) బయటికి కారితే రక్తం చిక్కబడి అది పెరుగుతుంది. మొదటి రోజుతో పోలిస్తే 20 శాతం పెరిగిందంటే కారడం గట్టిగానే ఉన్నట్టు. చిక్కల్లా రక్తహీనత ఉన్నవాళ్లతోనే. పీసీవీ 30 నుంచి 36కి వస్తే రిపోర్టులో అది మామూలు అంకెలాగే ఉంటుంది, నిజానికి అదే ఆ 20 శాతం. అందుకే తొలి రిపోర్టు పారేయకూడదు. ఒక్కసారిగా పీసీవీ పడిపోయి, నాడి బలహీనంగా ఉంటే లోపల రక్తస్రావాన్ని అనుమానించాలి. నాడి బాగుండి, మూత్రం ధారాళంగా వస్తూ మెల్లగా తగ్గితే కారిన ప్లాస్మా తిరిగి వస్తోందన్నమాట.

ఇదంతా ముదిరేది జ్వరం తగ్గాక వచ్చే 24-48 గంటల్లో. "జ్వరం పోయింది కదా" అని పరీక్షలు మానేసేదీ సరిగ్గా అప్పుడే!

ప్లేట్‌లెట్ల అంకెనూ గుడ్డిగా నమ్మలేం. రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం వేసిన ట్యూబులో అవి గుంపులు కడితే యంత్రం తక్కువ చూపిస్తుంది. ఎర్రకణాలు మరీ చిన్నవైతే వాటినీ ప్లేట్‌లెట్లుగా లెక్కేసి ఎక్కువ చూపిస్తుంది. లక్షణాలకు పొంతన లేని అంకె వస్తే స్మియర్ (స్లైడు మీద పలచగా పరిచిన రక్తం) చూడాలి: మైక్రోస్కోపులో ఎక్కువ పెద్దదిగా చూపే ఆయిల్ ఇమ్మర్షన్ కటకం కింద, పది ఫీల్డుల్లో (ఒక్కసారికి కనిపించే మేరల్లో) లెక్కించిన ప్లేట్‌లెట్ల సగటును 15,000తో గుణిస్తే ఉజ్జాయింపు దొరుకుతుంది. స్లైడు అంచుల్లో గుంపులుంటే ఈడీటీఏకు బదులు సిట్రేట్ ద్రవం ఉన్న ట్యూబులో మళ్లీ రక్తం తీసి, ఆ ద్రవంతో రక్తం పలచబడుతుంది కాబట్టి వచ్చిన అంకెను 1.1తో గుణించాలి.

రక్తస్రావం లేకుండా, అంకె తగ్గిందన్న భయంతోనే ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఒరిగేది తక్కువ. ఎక్కించినవీ త్వరగానే నశిస్తాయి. కోలుకునేటప్పుడు ముందు తెల్లకణాలు పెరుగుతాయి, వాటి వెనకే ప్లేట్‌లెట్లు. ఆ రోజుల్లో తాగిన బొప్పాయి ఆకు రసానికి పేరొస్తుంది, అది వేరే సంగతి.