ఐదో వక్తకు మిగిలేది

ఇంజనీర్ల దినోత్సవం నాడు వేదిక మీద ఐదో వక్తగా ఉండటం ఎంత ఇబ్బందో మా సార్ ముఖం చూసి తెలుసుకున్నాను. సెప్టెంబరు 15, మోక్షగుండం విశ్వేశ్వరయ్య జయంతి. మొదటి వక్త ఆయన పుట్టిన ఊరు ముద్దెనహళ్ళి అన్నారు. రెండో ఆయన, మనవాళ్ళు ప్రతి మహానుభావుడికీ తగిలించే వీధి దీపం కథ చెప్పారు. మూడో ఆయన కృష్ణరాజసాగర్ ఆనకట్ట కట్టేశారు. నాలుగో ఆయన 1955లో వచ్చిన భారతరత్న అందుకున్నారు. నేను రాసిచ్చిన కాగితంలో ఉన్నవీ ఆ నాలుగే, అదే వరుసలో. సార్ లేచి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, అందరికీ శుభాకాంక్షలు చెప్పి కూర్చున్నారు. కారులో ఏమీ అనలేదు. మర్నాడు ఫైలు మీద సంతకం పెడుతూ, "దీనికి మీరెందుకమ్మా, గోడ మీద క్యాలెండర్ చాలు కదా" అన్నారు.

అప్పటికి నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటును. తెలుగు ఎం.ఏ. చదివిన పాపానికి ఉపన్యాసాలు రాసే పని నా మెడకు చుట్టుకుంది.

మరుసటి ఏడాది జయంతిని పక్కన పెట్టి, పదమూడు రోజులు ముందుకు జరిగాను. 1908 సెప్టెంబరు 28. మూసీ పొంగి హైదరాబాదును ముంచేసిన రోజు. అసలు విశ్వేశ్వరయ్యను నిజాం ప్రభుత్వం పిలిపించింది ఆ వరద వల్లే. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి తోటలో ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు ఇంకా ఉందని విని, ఒక ఆదివారం వెళ్ళి చూశాను. రోగుల బంధువులు దాని నీడలో టిఫిన్ డబ్బాలు విప్పుకుని కూర్చున్నారు. ఆ చెట్టు కథ వాళ్ళలో ఎవరికైనా తెలుసేమో అడగబోయి, అడగలేదు. ఆసుపత్రిలో మనుషులకు వేరే ఆలోచనలుంటాయి.

కాగితం ఆ డబ్బాల దగ్గర మొదలుపెట్టాను. తరువాత, మూసీ వరదను ఆపడానికి విశ్వేశ్వరయ్య సలహా మీద కట్టిన రెండు జలాశయాల లెక్క వేశాను. ఉస్మాన్‌సాగర్ పూర్తయింది 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. వరద వచ్చాక పన్నెండేళ్ళకు ఒకటి, పంతొమ్మిదేళ్ళకు ఇంకొకటి. ఈలోగా విశ్వేశ్వరయ్య 1912లో మైసూరు దివాను అయ్యారు, 1918లో ఆ పదవీ వదిలేశారు. అంటే ఆయన సలహా ఇచ్చి వెళ్ళిపోయాక, వేదికల మీద పేరు వినపడని ఇంజనీర్లు, మేస్త్రీలు, కూలీలు ఏళ్ళ తరబడి ఆ పని లాగారు. ఆ సాయంత్రం కుర్చీల్లో ఉన్నవాళ్ళంతా అలాంటివారే, ఎవరో గీసిన ప్లాను ఎవరి హయాములోనో పూర్తి చేసేవాళ్ళు. నలుగురు వక్తలూ ఎప్పటిలాగే అన్నీ చెప్పేశారు. సార్ మాత్రం తొమ్మిది నిమిషాలు మాట్లాడారు. వెనక వరుసలో సమోసాల కోసం లేచినవాళ్ళు మళ్ళీ కూర్చోవడం నేను చూశాను.

పుట్టిన సంవత్సరం నేను కావాలనే రాయలేదు. కొన్నిచోట్ల 1860 అని, కొన్నిచోట్ల 1861 అని ఉంటుంది. ఇంజనీర్ల ముందు అంకె తప్పితే టీ తాగేంత సేపూ అదే చర్చ. తెలంగాణ ఏర్పడ్డాక జులై 11న నిజాం కాలపు ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ జయంతి కూడా ఇంజనీర్ల దినోత్సవమైంది. నాకు ఏడాదికి రెండు కాగితాలయ్యాయి.

గర్వం తలకెక్కడానికి ఆ ఒక్క ఉపన్యాసం చాలింది. మా బావగారు మచిలీపట్నంలో ఒక కల్యాణమండపం ప్రారంభోత్సవంలో మాట్లాడాలి, నాలుగు ముక్కలు రాసిపెట్టమన్నారు. తేదీ నవంబరు 19. జయంతుల పట్టిక తిరగేస్తే ఇందిరా గాంధీ జయంతి కనిపించింది. "ఇంత శుభదినాన" అని మొదలుపెట్టి పంపేశాను. అతిథుల్లో సగం మంది అవనిగడ్డ, నాగాయలంక వైపు నుంచి వచ్చినవాళ్ళు. ముందు వరుసలో ఉన్న ఒక పెద్దావిడ, మెల్లగానే, "మాకది ఉప్పెన రోజు బాబూ" అన్నదట. 1977 దివిసీమ ఉప్పెన. అప్పుడు నేను పదో తరగతి. మా బడిలో బియ్యం, పాత చీరలు పోగుచేసి లారీకి ఎక్కించాం. నాకు తెలియనిది కాదు. తేదీని పట్టికలో వెతికాను గాని, ఆ ఊళ్ళో వెతకలేదు. బావగారు ఇప్పటికీ నన్ను ఏమీ రాయమని అడగరు.

ఆ తరువాత ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. అందులో తేదీ కంటే ముందు ఊరు రాస్తాను, ఆ పక్కన అక్కడ ఇంకా చూడగలిగినది ఏమైనా ఉంటే అది. బేగంపేట పేజీలో ఆగస్టు 20 ఉంది. మలేరియా క్రిమి దోమ పొట్టలో ఉందని 1897లో రోనాల్డ్ రాస్ కనిపెట్టింది అక్కడే. దోమల నివారణ సభకు దాన్ని వాడుకున్నాం, బాగానే కుదిరింది. ఒక పేజీ అడుగున ఎర్ర సిరాతో "వర్ధంతికి శుభాకాంక్షలు చెప్పరు" అని ఉంటుంది. అది ఎవరి కోసం రాసుకున్నానో చెప్పను.

మొన్న మా అక్క మనవరాలు ఫోను చేసింది. ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం, బడిలో మూడు నిమిషాలు మాట్లాడాలట. "గిడుగు రామమూర్తి పంతులు గారు 1863లో జన్మించారు అని మొదలుపెట్టనా అమ్మమ్మా?" అంది. నీకంటే ముందు ఎంతమంది మాట్లాడతారని అడిగాను. ఆరుగురట. అయితే ఆ అంకె నీ వంతు వచ్చేసరికి మిగలదని చెప్పి, ఆయన సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన సంగతి చెప్పాను. తెలుగు కోసం అంత పోరాడిన మనిషి ముందు కొండవాళ్ళ భాష దగ్గర విద్యార్థిగా కూర్చున్నాడన్నమాట. మీ తరగతిలో ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలెవరైనా ఉన్నారా అంటే, కాసేపు ఆలోచించి నలుగురి పేర్లు చెప్పింది. వాళ్ళను ఒక్కో మాట అడిగి రాసుకొమ్మన్నాను.

రాత్రి మళ్ళీ ఫోను. సంవత్సరం చెప్పకపోతే టీచర్ మార్కులు తగ్గిస్తుందేమోనని భయం. కాగితం పైమూల పెన్సిల్‌తో రాసుకో, అడిగితే చెబుదువుగాని అన్నాను.