చెప్పులు తొడుక్కుని తినే భోజనం

యేసు కడరాత్రి భోజనాన్ని స్మరించే పవిత్ర గురువారం సాయంకాల పూజలో మొదటి పఠనం చదివే బాధ్యత ఈసారి నాకు అప్పగించారు. దానికి ఇంకా వారం రోజుల పైనే ఉన్నా, ఈ రాత్రి పనులన్నీ ముగిశాక బైబిలులోని నిర్గమకాండము 12వ అధ్యాయం తీసి, తడబడకుండా చదవాలని గొంతు విప్పి సాధన చేశాను. ఏ లోపమూ లేని ఏడాది వయసు గొఱ్ఱెపిల్ల, ద్వారబంధానికి పూసిన రక్తం, పులియని రొట్టెలు, చేదు కూరలు, ఇవన్నీ చిన్ననాటి నుంచి వింటున్నవే కనుక చదువు సాఫీగా సాగింది. నడుము కట్టుకుని, చెప్పులు తొడుక్కుని, కర్ర చేతబట్టుకుని త్వరత్వరగా తినాలన్న చోట మాత్రం, పక్కనే చదువుకుంటున్న మా అమ్మాయి తలెత్తి, "చెప్పులతో భోజనం చేయడమేమిటమ్మా?" అని అడిగింది.

ఆ రాత్రే ఇశ్రాయేలీయులు ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం విడిచి బయలుదేరాలి గనుక, పిండి పులిసేదాకా ఆగే వ్యవధి కూడా లేదు గనుక అని చెప్పాను. చెబుతూ నేనే ఆలోచనలో పడ్డాను. మన కతోలిక సంఘపు లాటిన్ రీతి పూజలో నేటికీ వాడేది పులియని గోధుమ అప్పమే. అరచేతిలో పెడితే బరువే తెలియనంత పలుచగా, ఉప్పు రుచి కూడా లేకుండా ఉండే ఆ అప్పం ప్రయాణానికి సిద్ధమైనవారి ఆహారం. దానిని స్వీకరించి వచ్చి, మోకరించి, ఇంటి పనుల లెక్కలు వేసుకున్న ఆదివారాలు ఎన్నో గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

పిల్లలు ఈ ఆచారం ఏమిటని అడుగుతారని అదే అధ్యాయంలో ఉంది. తర్వాతి అధ్యాయంలో తండ్రి కుమారునికి చెప్పవలసిన జవాబులో, ప్రభువు మన పూర్వులకు చేసిన మేలు అని కాక, నేను ఐగుప్తు నుంచి వెడలి వచ్చినప్పుడు ప్రభువు "నాకు" చేసిన మేలు అని ఉంది. ఎన్ని తరాలు గడిచినా, చెప్పేవాడు ఆ రాత్రి తానే బయలుదేరినట్టు చెప్పాలి. యేసు ఈ మాటల మధ్యనే పెరిగాడు. మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారం కడరాత్రి ఆయన శిష్యులతో చేసినది, ఐగుప్తు విడిచిన ఆ రాత్రిని స్మరించే పాస్కా భోజనమే. ఆ బల్ల దగ్గర రొట్టెను విరిచి, ఇది నా శరీరమని పలికి, తన జ్ఞాపకార్థం చేయమన్నప్పుడు, ఆయన కోరినది కేవలం తలచుకోవడం కాదని మన సంఘపు బోధనల గ్రంథమైన సత్యోపదేశం స్పష్టంగా చెబుతుంది. క్రీస్తు మళ్ళీ మళ్ళీ బలి కాడు. సిలువపై ఒక్కసారే అర్పించిన బలి ప్రతి పూజలోనూ మన ముందు ప్రత్యక్షమవుతుంది. మన పాస్కా గొఱ్ఱెపిల్ల క్రీస్తేనని కొరింతీయులకు పౌలు రాసినది ఇందుకే. సిలువపై ఆయన ఎముక ఒక్కటీ విరగలేదని యోహాను ప్రత్యేకంగా రాయడంలో కూడా, పాస్కా గొఱ్ఱెపిల్ల ఎముక విరువరాదన్న పాత నియమమే వినిపిస్తుంది.

ఇవన్నీ అమ్మాయికి ఒక్క రాత్రిలో చెప్పలేకపోయాను. ఆ "నాకు" అన్న మాట ఒక్కటే చూపించాను. తను వేలు పెట్టి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదువుకుంది. తర్వాత నేను పఠనాన్ని మళ్ళీ మొదటి నుంచి, ఈసారి నెమ్మదిగా చదివాను.