రాణి ఆజ్ఞాపించని పుట్ట
చీమల సమాజాల గురించి డిగ్రీ విద్యార్థులకు పాఠం చెప్పినప్పుడల్లా తరగతిలో మొదట వచ్చే ప్రశ్న దాదాపు ఒకటే: ఇంత పనినీ ఎవరు పంచిపెడతారు? ఈ వారం కూడా అదే వచ్చింది. ఎవరూ పంచిపెట్టరని, రాణి చీమ గుడ్లు పెడుతుందే తప్ప ఆజ్ఞలు ఇవ్వదని చెప్పగానే సగం ముఖాల్లో అపనమ్మకం కనిపించింది. నాకు ఆ అపనమ్మకమంటే ఇష్టం, అసలు పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.

గింజలు ఏరుకునే ఎడారి చీమల్లో, పుట్ట ద్వారం దగ్గర వేచి ఉన్న చీమ బయలుదేరాలా వద్దా అన్నది, గింజలతో తిరిగి వస్తున్న చీమలు దానికి ఎంత తరచుగా తారసపడుతున్నాయన్న దానిపై ఆధారపడుతుంది. తలమీది మీసాల్లాంటి స్పర్శశృంగాలతో ఒకదాన్నొకటి తాకి, ఒంటిమీది మైనపు పూతలోని హైడ్రోకార్బన్లనే రసాయనాల వాసనను బట్టి ఎదుటిది తమ పుట్టదా కాదా, ఏ పని మీద ఉన్నది అన్న సంగతి గ్రహిస్తాయి.

విద్యార్థులను ఎక్కువగా కదిలించింది మాత్రం చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్, ఆయన సహచరులు 1958లో ప్రచురించిన ప్రయోగం. చచ్చిన చీమల్లో పుట్టే ఓలీయిక్ ఆమ్లాన్ని బతికున్న చీమకు పూస్తే, అది కాళ్లు కొట్టుకుంటున్నా తోటి చీమలు మోసుకెళ్లి చెత్తకుప్పలో పడేశాయి. ఒళ్లు శుభ్రమయ్యేదాకా, తిరిగి వచ్చినప్పుడల్లా దానికి అదే మర్యాద. అందరూ నవ్వారు. తర్వాత ఒక విద్యార్థిని, "అయితే వాటికి చావు తెలుసా సర్, వాసన ఒక్కటే తెలుసా?" అని అడిగింది. నేను జవాబు చెప్పకుండా, దాన్ని తేల్చగల ప్రయోగాన్ని రూపొందించుకు రమ్మని తరగతి మొత్తానికీ అప్పగించాను.